ఉతో ఒబా తోటలో ఏడో బొమ్మ

తుఫాను ఇంకా నాలుగు రోజుల దూరంలో ఉందని రేడియో చెప్పిన పొద్దున, నకందకారి సెత్సుకో చేతిలో అప్పటికే పదకొండు ఇళ్ల పని ఉంది. ఒకరికి కిటికీల మీద రేకులు బిగించాలి, ఒకరికి మేడ మీది నీళ్ల ట్యాంకు కట్టాలి, ఒకరికి పందుల దొడ్డి కప్పు ఊడకుండా చూడాలి. సరిగ్గా అప్పుడే పేట పెద్ద ఇరెయి ఫోను చేశాడు.

"సెత్సుకో గారూ, ఉతో ఒబా తోట సంగతి ఏమైంది?"

"నన్ను అడుగుతారేంటండీ? ఆవిడ గేటు తీస్తే కదా."

"తీయించాలి. ఈ ఊళ్లో ఆవిడ ఎవరి మాటైనా వింటుందీ అంటే అది మీ మాటే."

"నా మాట వింటుందని మీకెవరు చెప్పారు?"

"ఆవిడే చెప్పింది. కమ్మరి పిల్లకైతే బుర్ర ఉంది, మిగతావాళ్లకి అది కూడా లేదు అంది."

సెత్సుకో రంగు కుంచెని డబ్బాలో పడేసింది. ఆమెకి యాభై మూడేళ్లు. తండ్రి పోయాక ఆయన ఇనుపకొట్టు నడుపుతూ, ఆ కొండవాలు మీద ఉన్న ప్రతి ఇంటికీ ఊచలు, తలుపులు, రేకులు బిగించింది. ముప్ఫై ఏళ్లలో తను బిగించింది ఒక్కటీ గాలికి లేవలేదు. అయినా ఉతో ఒబాకి ఆమె ఇంకా కమ్మరి పిల్లే.

తొమొయొసె ఉతోని, దీవిలో ముసలమ్మలందర్నీ పిలిచినట్టే, ఊరంతా ఒబా అంటారు. కుండలు చేసే మనిషి. డెబ్బై తొమ్మిదేళ్లు. చిన్న కుండలు, గిన్నెలు చేసి విసిగిపోయి, అరవై దాటాక పెద్ద మట్టి బొమ్మలు మొదలుపెట్టింది. అన్నీ చేత్తో చేసినవే, ఒక్కొక్కటి మామూలు మనిషి ఒక్కడే ఎత్తలేనంత బరువు. ఇంటి ముందు తోటలో వాటిని ఊరికే నేల మీద నిలబెట్టింది. కిందటేడు తుఫానులో వాటిలోంచి ఒక గుమ్మడికాయ బొమ్మ, నలభై కిలోలది, గోడ దాటి, వాలు మీద దొర్లి, కింద పసిపిల్లల బడి కంచె చీల్చుకుంటూ వెళ్లి, వాళ్లు ఆడుకునే ఇసుక గుంటలో ఆగింది. ఆ రోజు బడికి సెలవు కాబట్టి సరిపోయింది. పేట సమావేశంలో అందరూ కలిసి తేల్చారు. ఈసారి తుఫాను లోపు ఆ బొమ్మల్ని నేలకి బిగించాలి, లేకపోతే అక్కణ్ణించి ఎత్తేయాలి.

సెత్సుకో లారీలో డ్రిల్లు, ఊచలు, సిమెంటు సంచి వేసుకుని బయల్దేరింది. పక్కన భర్త మొరియో. గ్యాసు సిలిండరుని ఒంటి చేత్తో ఎత్తి భుజం మీద పెట్టుకోగలడు, మాట మాత్రం ఎత్తడు.

గేటు లోపలి నుంచి గొంతు వినబడింది. "ఎవరది? కమ్మరి పిల్లా? పొద్దున్నే ఎవరు చచ్చారని వచ్చావ్?"

"ఎవరూ చావకూడదనే వచ్చాను ఒబా. గేటు తీయండి."

"ఇరెయి పంపాడా?"

"తుఫాను పంపింది."

గేటు తెరుచుకుంది. ఉతో ఒబా చెక్కస్టూలు మీద కూర్చుని ఉంది. నడుము వంగింది గానీ చూపు వంగలేదు. తోటలో ఏడు బొమ్మలు. ఇసుక గుంట నుంచి తిరిగొచ్చిన గుమ్మడికాయ, దాని పక్కన ఒకదాని మీద ఒకటిగా ఒకే బొమ్మలా నిలబెట్టిన ఇంకో రెండు గుమ్మడికాయలు, ఒక పెద్ద చేప, మూతలేని రెండు జాడీలు, ఒక తాబేలు. వీటన్నిటికీ మధ్యలో నడుమెత్తు షీసా సింహం నోరు తెరుచుకుని సముద్రం వైపు చూస్తూ కూర్చుని ఉంది. దీవిలో కప్పుల మీద, గేట్ల పక్కన, ఒకటి నోరు తెరిచి ఒకటి మూసుకుని, జంటగా ఉండే కాపలా సింహాల్లాంటిదే గానీ, ఇంత పెద్దది చేత్తో మలిచి ఒకే ముక్కగా కాల్చినవాళ్లు ఇంకొకరు లేరు. దాన్ని చూడ్డానికి పట్నం నాహా నుంచి బస్సులో వస్తారు. పన్నెండేళ్ల కిందట ఒక పత్రికవాళ్లు ఫొటో వేసి, ఒక్క పగులైనా లేకుండా బట్టీలోంచి బయటికొచ్చిందని రాశారు. ఆ కాగితం ఒబా వంటింట్లో పటం కట్టి గోడకి వేలాడుతోంది.

"తాళ్లతో కడదామా?" అంది సెత్సుకో, తేలిక దారి ముందు అడిగి.

"బస్సు మీద సామానా అవి?"

"పోనీ, వల వేసి నాలుగు మూలలా మేకులు కొడతాను."

"సంతకి తోలే పందులా?"

"కింద సిమెంటు దిమ్మ పోసి అందులో కూర్చోబెడతాను."

"నేను మట్టితో చేసినవాటికి సిమెంటు పూస్తావా? నీ మొహానికి పూసుకో, కాస్త నునుపు తేలుతుంది."

మొరియో దగ్గాడు. సెత్సుకో అతని వైపు చూడలేదు.

"సరే. బొమ్మలన్నీ లోపల బోలుగానే ఉంటాయి కదా. కింద తెరిచే ఉంటాయి. నేలలోంచి ఊచ నిలబెట్టి, బొమ్మని దాని మీదికి దింపుతాను. పైకి ఏమీ కనబడదు."

"మీ అమ్మ పొట్టలో ఊచ దింపుతావా?"

"మా అమ్మ గాలికి దొర్లి పిల్లల బడిలో పడలేదు ఒబా."

ఒబా లేచి, లోపలికెళ్లి, మల్లెపూల టీ, నల్లబెల్లం ముక్కలు తెచ్చి స్టూలు మీద పెట్టింది. ఆ ఇంట్లో దాన్నే ఒప్పుకోవడం అంటారు.

పని అనుకున్నంత తేలిక కాలేదు. పైన జానెడు ఎర్రమట్టి, దాని కింద పగడపు రాయి. మట్టిలో ఊచ పాతితే గాలికి పళ్లలో పుల్లలా ఊగుతుంది కాబట్టి, ప్రతి చోటా మట్టి తీసి, రాయిలో మూరెడు లోతు తొలిచి, స్టెయిన్‌లెస్ ఊచ నిలబెట్టి, చుట్టూ సిమెంటు పోసి గట్టిపడనివ్వాలి. మామూలు ఇనుమైతే ఉప్పుగాలికి తుప్పుపట్టి ఉబ్బి, బొమ్మని లోపలి నుంచే పగలగొడుతుంది. తర్వాత ఊచకి రబ్బరు బిళ్లలు వేసి, బొమ్మని మొరియో ఎత్తి దింపుతుంటే, లోపల అడుగున ఇసుక సంచులు కూరాలి. సిమెంటు నింపితే ఎండకి అదీ ఇదీ వేరువేరుగా సాగి పెంకు పగులుతుంది. నీళ్లు నిలవకుండా అడుగున సందు వదలాలి. ఇదంతా సెత్సుకోకి కొట్టినపిండి. ఆమెకి అలవాటు లేనిది స్టూలు మీది నుంచి వచ్చే గొంతు.

"ఆ చేప సముద్రం వైపు చూడాలి. కొంచెం ఎడమకి."

మొరియో తిప్పాడు.

"అది నీ ఎడమ. నా ఎడమకి."

మొరియో తిప్పాడు.

"ఇప్పుడు పక్కింటి సాతో వాళ్ల మరుగుదొడ్డి వైపు చూస్తోంది. ఇంతకాలం సముద్రం చూసిన చేపకి చివరికి అదా గతి?"

"ఒబా, ఊచ గుండ్రంగా ఉంది. తర్వాత మీరు ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు."

"తిప్పుకోగలిగితే అది బిగించినట్టా? గాలి మాత్రం తిప్పదా?"

అది నిజమే. సెత్సుకోకి ఒళ్లు మండింది, కానీ నిజమే. లారీలోంచి స్టీలు పలక ముక్క తెచ్చి, ఊచకి అడ్డంగా అతికి, బొమ్మ అడుగున పట్టు దొరికేలా చేసింది. మిగతా అయిదింటికీ అదే చేయాల్సి వచ్చింది. మొదటి రోజు రెండు, రెండో రోజు నాలుగు. ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు గుమ్మడికాయల్ని ఒకే ఊచకి దండలా గుచ్చారు. రెండో రోజు సాయంత్రానికి డ్రిల్లు మొనలు మూడు అరిగిపోయాయి, ఇరెయి ఫోన్లు తొమ్మిదయ్యాయి, మిగిలింది ఒక్క సింహం.

సింహం దగ్గరికి మట్టి తీయడానికి పార ఎత్తగానే ఒబా వచ్చి దానికి వీపు ఆనించి నేల మీద కూర్చుంది.

"దీన్ని ముట్టుకోవద్దు."

"ఎందుకని?"

"నూట అరవై కిలోలు. కదలదు."

"గుమ్మడికాయ కూడా కదలదనే అన్నారు కదా."

"గుమ్మడికాయ గుండ్రంగా ఉంటుంది. దీనికి నాలుగు కాళ్లున్నాయి. కమ్మరి పిల్లా, నీకు అంత తేడా తెలియదా?"

మూడో రోజు పొద్దున వెళ్లేసరికి కారణం మారింది. ఆ రోజు దిక్కు మంచిది కాదట. సెత్సుకో వెళ్లి రెండు ఇళ్ల రేకులు బిగించి మధ్యాహ్నం వచ్చింది. అప్పటికి సింహం కింద చీమల పుట్ట ఉంది, వాటిని కదిపితే పాపమట. చీమలు ఎక్కడా కనబడలేదు. ఇంకో గంటకి ఒబా మోకాళ్లు నొప్పులు, ఎవరూ తోటలో ఉండటానికి వీల్లేదు. సెత్సుకో గేటు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చింది.

"ఒబా, ఒక్క నిజమైన కారణం చెప్పండి. ఒక్కటి. వెళ్లిపోతాను."

"దానికి ఇష్టం లేదు."

"సింహానికా?"

"సింహానికి."

సెత్సుకో పారని నేలకేసి కొట్టింది. ఆకాశం అప్పటికే పసుపు కలిసిన బూడిద రంగులోకి తిరుగుతోంది. పదకొండు ఇళ్లలో ఇంకా నాలుగు మిగిలి ఉన్నాయి. "మీతో వాదించి నా రెండు రోజులు బూడిదయ్యాయి. కింద బళ్లో నలభై మంది పిల్లలు. వాళ్ల కంచె మళ్లీ కట్టింది నేనే, ఈ చేతులతో. రేపు మధ్యాహ్నం ఇరెయి గారు క్రేను తెస్తున్నారు. మీ సింహాన్ని బెల్టులేసి గాల్లోకి ఎత్తి, ఊరంతా చూస్తుండగా లారీలో వేసి, గిడ్డంగిలో పడుకోబెడతారు. అప్పుడు దాని ఇష్టం వాళ్లని అడగమనండి."

తిట్టు వస్తుందనుకుంది. రాలేదు. ఒబా మొహంలో రంగు పోయింది.

"గాల్లోకి ఎత్తుతారా? కింద నుంచి చూస్తారా అందరూ?"

"మరి? క్రేను అంటే అదే కదా."

ఒబా సింహం వైపు తిరిగి, నెమ్మదిగా అంది, "మొరియోని పంపించెయ్."

"ఏంటీ?"

"మీ ఆయన్ని పంపించెయ్. మనిద్దరమే చేద్దాం."

"నూట అరవై కిలోలని మీరే అన్నారు. ఆ మనిషి ఉన్నదే ఎత్తడానికి!"

"నువ్వు గొలుసు కప్పీ తెచ్చుకోలేవా? మీ నాన్న దగ్గర ఉండేది."

మొరియో లారీలోంచి మూడు కాళ్ల స్టాండు, గొలుసు కప్పీ దించి, నిలబెట్టి, వెళ్లి లారీలో కూర్చుని కిటికీ అద్దం ఎత్తుకున్నాడు. ఆ క్షణంలో భర్త మీద కూడా సెత్సుకోకి కోపం వచ్చింది, ఎందుకో ఆమెకే తెలియదు.

సింహం కాళ్ల కింద నుంచి వెడల్పు పట్టీలు దూర్చి, కప్పీ కొక్కేనికి తగిలించారు. సెత్సుకో గొలుసు లాగుతుంటే ఒబా రెండు చేతులూ సింహం ఛాతీ మీద పెట్టి, ఊగకుండా పట్టుకుని నిలబడింది. "మెల్లిగా. మెల్లిగా అన్నానా. అది బావిలో చేద కాదు." వేలెడు లేచింది. జానెడు లేచింది. సెత్సుకో మోకాళ్ల మీద కూర్చుని, కిందికి వంగి చూసింది.

పొట్ట అడుగున ఒక చీలిక. వేలు దూరేంత వెడల్పు. వెనక కాళ్ల మధ్య నుంచి మొదలై, పొట్టంతా చీల్చి, ఎడమ డొక్క మీదికి ఎక్కింది. డొక్క మీద దాన్ని కప్పుల పెంకులకి పూసే సున్నంతో పూడ్చి, పైన రంగు అద్దారు. ఎంత బాగా అద్దారంటే మూడు రోజులుగా దాని పక్కనే తిరిగిన సెత్సుకోకే కనబడలేదు. అడుగున మాత్రం పూత మీద పూత, ఏళ్ల తరబడి పొరలు.

సెత్సుకో లేచి నిలబడింది. ఒబా ఆమె వైపు చూడటం లేదు.

"ఇది బట్టీలోనే పగిలిందా?"

"ఊఁ."

"పన్నెండేళ్ల కిందటా?"

"ఊఁ."

"అందుకా? దీనికోసమా దిక్కులు, చీమలు, మోకాళ్లు?" సెత్సుకో గొంతు ఆమెకే తెలియకుండా పెరిగింది. "నేను ఇక్కడ ఎన్ని గంటలు పోగొట్టానో తెలుసా? మొదటి రోజే చెబితే ఎప్పుడో చేసేసేదాన్ని కదా! నాకు పగుళ్లు కొత్తా? నేను చేసేదే పగిలినవి అతకడం!"

"అరవకు. లారీలో వింటాడు."

"వింటే వింటాడు! ఆయన ఎవరికి చెబుతాడు? ఆయన నాతోనే మాట్లాడడు!"

ఒబా చెక్కస్టూలు లాక్కుని కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. వాటి వణుకు అప్పుడు కనబడింది.

"అకమినె చెప్పాడు," అంది. "పొట్ట దగ్గర మందం ఎక్కువైంది, లోపల తడి ఆరలేదు, ఇంకో నెల ఆగుదాం అన్నాడు. తొమ్మిదేళ్లు నా దగ్గర పని నేర్చుకున్నాడు. నాకు నేర్పుతావా అని అడిగాను. పొమ్మన్నాను. పోయాడు. బట్టీ నేనొక్కదాన్నే తెరిచాను. ఆ పత్రికవాళ్లు అంతకుముందే వస్తామని చెప్పి ఉన్నారు."

"అందుకని సున్నం పూశారు."

"ఏటా వానలైపోయాక పూస్తాను. కింద పూయాలంటే వెదురు బద్దకి గుడ్డ చుట్టి, పొట్ట కింద దూర్చి, కనబడకుండా పూయాలి. నువ్వు చేసి చూడు, తెలుస్తుంది."

సెత్సుకోకి నవ్వు రావాల్సింది. రాలేదు. ఆకాశం వైపు చూసి లెక్క వేసుకుంది. ఊచ దింపి పట్టు పెడితే సింహం కింద భాగం నిలబడుతుంది, కానీ గాలి ఛాతీ మీద తోసినప్పుడు ఆ తోపంతా పగులు మీదే పడుతుంది. సింహం రెండు ముక్కలవుతుంది. కింది ముక్క ఊచకి ఉంటుంది, పై ముక్క, తల ఉన్నది, పిల్లల బడికి వెళుతుంది.

"దీనికి కుట్లు వేయాలి," అంది. "పగులుకి రెండు వైపులా సన్నగా రంధ్రాలు పెట్టి, స్టీలు తీగని కొక్కేల్లా వంచి, అడ్డంగా గుచ్చి బిగించాలి. పాత జాడీలకి వేసేవాళ్లు కదా, అలా. తీగ నేను వంచుతాను. కాల్చిన మట్టిలో రంధ్రం మాత్రం నేను పెట్టలేను. నా చేతికి రాయి తెలుసు, ఇనుము తెలుసు. ఇది చిట్లిపోతుంది. మీరు పెడతారా?"

ఒబా తన చేతుల్ని చూసుకుంది. జవాబు అదే.

"ఇంకెవరు చేయగలరు?"

ఒబా అవతలి కొండ మీద ఎవరిదో పొయ్యి పొగ వైపు చూసింది.

"నీకు తెలుసు ఎవరో," అంది ఒబా.

"అయితే పిలవండి."

"నువ్వు పిలువు. ఎందుకని చెప్పకు."

"నేను పిలవను. ఈ పేటలో ప్రతివాడి తరఫునా ప్రతివాడితో మాట్లాడి నా నోరు పడిపోయింది. మీరే పిలవండి."

ఒబా లోపలికి వెళ్లింది. కిటికీ తెరిచే ఉంది కాబట్టి, వినకూడదనుకున్నా సెత్సుకోకి వినబడింది.

"అకమినె? నేను. ఇంకెవరు, నేనే... బతికే ఉన్నాను. నీ సన్న డ్రిల్లు తీసుకురా. ఎందుకని అడగకు... ఇప్పుడే. తుఫాను వస్తోందని నాకూ తెలుసు, నాకు చెవులున్నాయి... అడగకు అన్నానా... సరే. నువ్వు చెప్పిందే రైటు. ఏంటంటావేంటి, దేని గురించో నీకు తెలుసు... ఆఁ. పొట్ట దగ్గరే... తిని రా. ఇక్కడ వండలేదు."

అకమినె అరగంటలో వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, నెరిసిన జుట్టుకి తువ్వాలు చుట్టుకున్నాడు. గేటు దగ్గర వంగి నమస్కారం పెట్టి, సెత్సుకో గొలుసు ఇంకో మూరెడు లాగాక సింహం కిందికి దూరి వెల్లకిలా పడుకున్నాడు. టార్చి వేసి చాలాసేపు చూశాడు. ఒబా అతని కాళ్లనే చూస్తూ నిలబడింది.

"సున్నం బాగా పూశారు," అన్నాడు కింద నుంచి.

"నోరు మూసుకుని పని చూడు."

"నిజంగానే. నేనైతే ఇంత సన్నగా పూయలేను."

"నీకెప్పుడూ పూత పూయడం రాలేదు. ఇప్పుడొస్తుందా?"

అక్కణ్ణించి సాయంత్రం దాకా సెత్సుకో ఈ ఇద్దరి మధ్య నలిగిపోయింది. కుట్లు పదకొండు చాలని అతను, పదమూడు కావాలని ఆవిడ. పన్నెండు వేయండి, నా ప్రాణం తీయకండి అని సెత్సుకో. అతను రంధ్రం పెడుతుంటే ఆవిడ చెంబుతో నీళ్లు పోస్తోంది, వేడెక్కకుండా. నీళ్లు ఎక్కువయ్యాయని అతను గొణిగితే, తొమ్మిదేళ్లలో నీళ్లు పోయడం కూడా నేర్పలేకపోయానా అని ఆవిడ. నాలుగో రంధ్రం దగ్గర పెంకు చిన్న ముక్క లేచింది. అది అక్కడితో ఆగింది. సెత్సుకో ఒక్కో తీగ వంచి, వేడి చేసి అందిస్తే, అకమినె గుచ్చాడు. తీగ చల్లారుతూ ముడుచుకున్నకొద్దీ పగులు అంచులు దగ్గరయ్యాయి. పూర్తిగా కలవలేదు. ఆ సందు అలాగే ఉంటుందని ముగ్గురికీ తెలుసు.

చివరికి రాయిలో మూరెడు బదులు మూరన్నర లోతు తొలిచి, బొటనవేలంత లావు ఊచ నిలబెట్టి, గబగబా గట్టిపడే సిమెంటు పోశారు. ఇప్పుడు రహస్యం ఏమీ లేదు కాబట్టి మొరియోని పిలిచారు. అతను లారీ దిగి వచ్చి, కప్పీ గొలుసు వదులుతూ సింహాన్ని ఊచ మీదికి దించాడు. ఇసుక సంచులు కూరారు. డొక్క మీద సున్నం పోయి, పన్నెండు కుట్లూ తళతళా మెరుస్తున్నాయి.

"దీనికి ఇప్పుడు రంగు వేయాలి," అంది ఒబా.

"ఒబా, నాకింకా నాలుగు ఇళ్లున్నాయి," అంది సెత్సుకో.

మర్నాడంతా మిగిలిన నాలుగు ఇళ్లకే సరిపోయింది. తుఫాను ఆ తర్వాతి పొద్దున వచ్చి, పగలంతా దీవి మీదే కూర్చుంది. సెత్సుకో ఇంట్లో, మూసిన రేకుల వెనక, దీపం వెలుతుర్లో కాకరకాయ వేపుడు తింటూ చెవులు రిక్కించి వింది. తను బిగించిన ప్రతి ఇంటి గురించీ ఆలోచించింది. సింహం గురించి ఎక్కువ ఆలోచించింది, అందుకు తన మీద తనకే విసుగేసింది. "ఒక ముసలిదాని మొండితనానికి నా తిండి కూడా రుచించడం లేదు," అంది. మొరియో ఆమె గిన్నెలో ఇంకొంచెం కాకరకాయ వేశాడు. అంతే.

గాలి తగ్గాక ముందు పిల్లల బడి చూసింది. కంచె ఉంది. ఇసుక గుంటలో నీళ్లు, కొబ్బరి మట్ట ఒకటి, అంతే. తర్వాత కొండెక్కింది.

ఒబా తోట ఆకులతో, పక్కవాళ్ల బకెట్లతో నిండిపోయి ఉంది. గుమ్మడికాయలు, చేప, తాబేలు ఎక్కడివక్కడే ఉన్నాయి. జాడీల్లో ఒకదానికి మూతి నుంచి మెడ దాకా పగులొచ్చింది. సెత్సుకో దాని ముందు కూర్చుని చూసింది. అడుగున నీళ్లు పోయే సందులో తను కూరిన ఇసుక సంచి అడ్డుపడింది. నీళ్లు నిండి, సంచులు జారి జాడీ వదులై, గాలికి ఊగి మూతి ఊచకి కొట్టుకుంది. తొందరలో తను చేసిన పనే. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి.

"చూశావా?" వెనక నుంచి గొంతు. ఒబా మొహం వెలిగిపోతోంది. "మూడు ఇళ్ల దూరం నుంచే చెప్పగలను అది నీ పనేనని. ఎంత అందంగా పగిలిందో చూడు!"

"వేరే ఊచ వేసి ఇస్తాను ఒబా. తప్పు నాదే."

"ఎందుకు? కుట్లు వేయించు. ఆ మనిషి ఎటూ ఇక్కడే ఉన్నాడు."

అకమినె సింహం పక్కన నిలబడి ఉన్నాడు. తుఫాను వెలిశాక అందరికంటే ముందు వచ్చింది అతనే. సింహం సముద్రం వైపు నోరు తెరుచుకుని, వెంట్రుకవాసి కూడా కదలకుండా కూర్చుని ఉంది. వానకి కడుక్కుపోయిన డొక్క మీద కుట్లు అందరికీ కనబడేలా ఉన్నాయి. అప్పటికే గోడ మీది నుంచి పక్కింటి సాతో గారు తొంగిచూసి, "అదేంటి ఒబా, సింహానికి ఆపరేషనా?" అని అడిగి వెళ్లారు.

"ఏం చెప్పారు?" అంది సెత్సుకో.

"పుట్టుకతోనే ఉంది అన్నాను. ఇంకేం చెబుతాను." ఒబా చీపురు పక్కన పెట్టింది. "కమ్మరి పిల్లా, ఒక పని ఉంది. నీ కొలత టేపు తీయి."

"దేనికి?"

"దీనికి జోడు చేస్తున్నాను. నోరు మూసుకున్నది. దీని పక్కన. ఈసారి ఊచ ముందే నిలబెట్టు, కింద రంధ్రం ఎంత ఉండాలో దాన్ని బట్టి నేను వదులుతాను."

సెత్సుకో నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది. "ఒబా, తుఫాను వెలిసి గంట కాలేదు. నా ఇంటి కప్పు నేనింకా చూసుకోలేదు. మీ వయసెంత?"

"మట్టికి వయసుతో పనేంటి? టేపు తీయి." తర్వాత, సెత్సుకో వైపు కాకుండా, సింహం వైపు చూస్తూ, గొంతు కాస్త తగ్గించి అంది, "పొట్ట దగ్గర మందం ఎంత పెట్టాలి, అకమినె?"

అతను తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు.

"రెండు వేళ్లు," అన్నాడు. "అంతకంటే వద్దు."

"రెండున్నర."

"రెండు."

"రెండుంటే బట్టీలో కూలిపోతుంది. నువ్వు చిన్న కప్పులు చేసుకునేవాడివి, నీకేం తెలుసు?"

"రెండు, లోపల అడ్డుగోడ ఒకటి. ఆరు వారాలు ఆరనివ్వాలి."

"ఎనిమిది," అంది ఒబా.

సెత్సుకో టేపు తెచ్చుకోవడానికి లారీ దగ్గరికి నడిచింది. వెనక ఆ ఇద్దరూ ఆరేటప్పుడు ఎండ ఎటు నుంచి తగలాలన్న దాని మీద వాదన మొదలుపెట్టారు.